లీడర్ పక్కకెళ్తే పని ఆగుతుందా?

ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రత్యేక శిబిరంలో మొదటి రోజు. ఊరి బడి వెనక ఇంకుడు గుంత తవ్వాలి. యాభై మంది వాలంటీర్లలో ఓ పదిమంది పలుగూ పారా పట్టుకుని చెమటోడుస్తుంటారు. మిగతావాళ్లు వేపచెట్టు నీడన కబుర్లలో ఉంటారు. "అందరూ రండ్రా!" అని లీడర్ గొంతు చించుకుంటే కాసేపు కదులుతారు. అతను మంచినీళ్లకని పక్కకెళ్లగానే మళ్లీ నీడకు చేరతారు.

దీన్ని బద్ధకం అనేస్తాం. అసలు కారణం వేరే ఉంది. 1979లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త బిబ్ లతానే, ఆయన సహచరులు కొందరు విద్యార్థులతో చప్పట్లు కొట్టించి, కేకలు వేయించి ఆ శబ్దాన్ని కొలిచారు. ఒంటరిగా ఉన్నప్పటికంటే గుంపులో ఉన్నామనుకున్నప్పుడు ఒక్కొక్కరి కేక తగ్గింది. దీనికి 'సోషల్ లోఫింగ్' అని పేరు పెట్టారు. గుంపులో తన వంతు ఎవరికీ కనబడదనుకున్న మనిషి తెలియకుండానే వెనక్కి తగ్గుతాడు. 1981లో వాళ్లే మరో ప్రయోగం చేశారు. ఎవరి కేక ఎంతో విడివిడిగా తెలుస్తుందనగానే ఆ తగ్గుదల మాయమైంది.

కాబట్టి శిబిరంలో అరుపులతో పనిలేదు. యాభై మందిని ఐదుగురేసి చొప్పున పది జట్లు చేసి, ఒక్కో జట్టుకు ఒక్కో పని అప్పగిస్తే చాలు. తవ్వేవాళ్లు, మట్టి మోసేవాళ్లు, కంకర తెచ్చేవాళ్లు ఎవరో తేలిపోతే నీడ దానంతటదే ఖాళీ అవుతుంది.

రెండో పాఠం కర్ట్ లెవిన్ నేర్పాడు. జర్మనీలో హిట్లర్ గద్దెనెక్కిన 1933లోనే దేశం విడిచి అమెరికా చేరిన శాస్త్రవేత్త ఆయన. అయోవా విశ్వవిద్యాలయంలో తన శిష్యులతో కలిసి పదేళ్ల పిల్లలకు చేతిపనుల క్లబ్బులు పెట్టించాడు. కొన్నింట్లో పెద్దవాడు ఆజ్ఞలు వేస్తాడు, కొన్నింట్లో పిల్లలతో మాట్లాడి నిర్ణయిస్తాడు, మరికొన్నింట్లో పట్టించుకోకుండా వదిలేస్తాడు. 1939లో వెలువడిన ఈ పరిశోధన ఇప్పటికీ పాఠ్యాంశమే. ఆజ్ఞలు వేసే పెద్దవాడు ఎదుట ఉన్నంతసేపూ పని బాగానే జరిగింది. గది దాటగానే పడిపోయింది. కలిసి నిర్ణయించుకున్న పిల్లలు మాత్రం అతను లేకున్నా దాదాపు అంతే శ్రద్ధగా పని చేసుకున్నారు.

"నాకు పుట్టుకతో నాయకత్వ గుణం లేదండీ" అనే విద్యార్థులకు ఇంకో మాట. అమెరికాలో కవలల మీద జరిపిన పరిశోధన ఒకటి 2006లో వెలువడింది. నాయకత్వ స్థానాలకు చేరడంలో మనుషుల మధ్య కనిపించే తేడాల్లో దాదాపు 30 శాతమే జన్యువుల వల్ల వచ్చిందని అది తేల్చింది. మిగతాదంతా పరిసరాలు, అనుభవాలు.

ఆ అనుభవానికి కాలేజీని మించిన చోటు లేదు. గాంధీ శతజయంతి ఏడాది 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మందితో మొదలైన ఎన్ఎస్ఎస్‌లో వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. అవి సర్టిఫికెట్ కోసం పూర్తిచేసే గంటలు కావు. మాట పడటం, పని పంచడం, నోరు మెదపని వాళ్లను అడిగి చెప్పించడం సాధన చేసే గంటలు.

ఈసారి శిబిరంలో మీరే లీడర్ అయితే ఒక పని చేయండి. మొదటి రోజే అందరితో కూర్చుని పనులు పంచుకోండి. నాలుగో రోజు బాధ్యత మరొకరికి అప్పగించి ఓ గంట పక్కకు వెళ్లండి. తిరిగొచ్చేసరికి పలుగు చప్పుడు వినబడుతుంటే, మీరు నాయకత్వం నేర్చుకున్నట్టే.