తప్పు ఎవరిది? కంపైలరుదా, మనదా?

సి భాషలో మీరొక చిన్న ప్రోగ్రాము రాశారనుకోండి. మామూలుగా నడిపితే సరైన జవాబే వచ్చింది. ఇంకా వేగంగా నడిచేలా తయారుచెయ్యమని కంపైలరుకు చెప్పి మళ్ళీ నడిపారు. జవాబు మారిపోయింది! ప్రోగ్రాములో ఒక్క అక్షరమైనా మార్చలేదే! మరి కంపైలరుకు మతిపోయిందా?

కంపైలరు ఒక దుబాసీ లాంటిది. మనం రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మారుస్తుంది. దుబాసీ పొరపాటు పడిందో, మనమే తప్పుగా చెప్పామో చూద్దాం.

పాత స్కూటరు మీటరులో 99999 తర్వాత 00000 వస్తుంది కదా! కంప్యూటరులోనూ సంఖ్యకు ఇచ్చే చోటు పరిమితమే. ధన, రుణ సంఖ్యలు రెండూ పట్టే 32 బిట్ల చోటులో అతి పెద్ద సంఖ్య 2147483647. దానికి 1 కలిపితే చాలా యంత్రాల్లో -2147483648 వస్తుంది. అది తెలిసి మీరు, "1 కలిపాక సంఖ్య తగ్గితే హెచ్చరించు" అని రాశారు.

ఇక్కడే ఉంది చిక్కు. అలాంటి సంఖ్య హద్దు దాటితే ఏం జరగాలో సి భాష నియమాలు చెప్పవు. దాటకుండా చూసుకోవడం మన బాధ్యత. కనుక అది ఎన్నడూ దాటదనే నమ్మకంతో కంపైలరు పనిచేస్తుంది. 1 కలిపితే సంఖ్య పెరగాలే గాని తగ్గదు కదా! అందుచేత ఆ పరీక్ష అనవసరమని తీసేస్తుంది. హెచ్చరిక మాయం!

ఇది చిన్న విషయం కాదు. 2009లో లినక్స్‌లో ఒకచోట, చిరునామా ఖాళీదా కాదా అని చూడకముందే దాన్ని వాడినట్టు బయటపడింది. వాడారంటే ఖాళీ కాదన్నమాటే అనుకుని, తర్వాత ఉన్న పరీక్షను కంపైలరు తీసేసింది. ఆ సందులోంచి కంప్యూటరును వశం చేసుకునే వీలు ఏర్పడింది!

మరి ఏం చెయ్యాలి? కంపైలరు ఇచ్చే హెచ్చరికలన్నీ చదవండి. ప్రోగ్రామును కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ, తప్పు ఇంకా కనిపిస్తోందో లేదో చూడండి. చివరికి నాలుగైదు పంక్తులు మిగులుతాయి. దొంగ అక్కడే ఉంటాడు! మన ప్రోగ్రాములోనైతే, 1 కలిపాక కాదు, కలపకముందే సంఖ్య 2147483647 అయిందేమో చూడాలి.

అయితే కంపైలరు ఎన్నడూ తప్పు చెయ్యదా? చేస్తుంది. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు తనంతట తానే సి ప్రోగ్రాములు రాసే సాధనం తయారుచేసి, కంపైలర్లలో 325కు పైగా కొత్త తప్పులు పట్టినట్టు 2011లో ప్రకటించారు.

కాని ముందు మన రాతను పరీక్షించుకుందాం. కంపైలరును నిందించడం ఆ తర్వాత!