కాలేయ మార్పిడి తర్వాత జలోదరం

కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే సిరోసిస్ వ్యాధిలో, పేగుల నుంచీ ప్లీహం నుంచీ కాలేయానికి రక్తాన్ని చేరవేసే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది. మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ బయటకు పంపకుండా నిలిపివేస్తాయి. ఫలితంగా పొట్టలో నీరు చేరుతుంది. ఈ స్థితినే జలోదరం అంటారు. కొత్త కాలేయం అమర్చగానే పోర్టల్ సిరలో ఒత్తిడి తగ్గుముఖం పట్టినా, దీర్ఘకాలం దెబ్బతిన్న రక్తప్రసరణ, మూత్రపిండాల పనితీరు కుదుటపడటానికి వ్యవధి పడుతుంది కనుక, శస్త్రచికిత్స తర్వాత కొద్ది వారాలపాటు నీరు కనిపించడం అసాధారణమేమీ కాదు. అయితే నాలుగు వారాలు దాటినా నీరు తగ్గకపోతే, లేదా తగ్గినది మళ్లీ చేరితే, దానికి ప్రత్యేక కారణం ఉందేమోనని వైద్యులు వెతుకుతారు.

ఆ కారణాలు పలు రకాలు. కాలేయం నుంచి గుండె వైపు రక్తాన్ని తీసుకుపోయే హెపాటిక్ సిరలు అతుకు వేసిన చోట ఇరుకైపోవచ్చు. పోర్టల్ సిరలో రక్తం గడ్డకట్టవచ్చు. శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించవచ్చు. గుండె, మూత్రపిండాలు బలహీనపడవచ్చు. సజీవ దాత నుంచి కాలేయంలో కొంత భాగాన్ని మాత్రమే తీసి అమర్చే పద్ధతి భారతదేశంలో అధికంగా ఉంది. ఆ భాగం బరువు గ్రహీత శరీర బరువులో 0.8 శాతం కంటే తక్కువైతే, పోర్టల్ సిర ద్వారా వచ్చే రక్తమంతా చిన్న అవయవం మీద పడటం వల్ల నీరు ఎక్కువగా చేరే ప్రమాదం పెరుగుతుంది.

కారణాన్ని గుర్తించడానికి, రక్తనాళాల్లో ప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ చేసి, సూదితో కొద్దిగా నీరు తీసి పరీక్షకు పంపుతారు. ఆ నీటిలో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు ఘన మిల్లీమీటరుకు 250 లేదా అంతకు మించి ఉంటే ఇన్‌ఫెక్షన్‌గా పరిగణించి యాంటీబయాటిక్స్ ఆలస్యం లేకుండా ప్రారంభిస్తారు. నీరు పాలలా తెల్లగా ఉంటే శోషరస నాళాలు, పచ్చగా ఉండి బిలిరుబిన్ అధికంగా ఉంటే పిత్తనాళం కారుతున్నాయని అనుమానిస్తారు.

చికిత్స కారణాన్ని బట్టి ఉంటుంది. ఇరుకైన సిరను బెలూన్‌తో వెడల్పు చేసి, అవసరమైతే స్టెంట్ వేస్తారు. తిరస్కరణ అయితే రోగనిరోధక శక్తిని అణచే మందులను సవరిస్తారు. వీటితోపాటు రోజుకు మొత్తం ఉప్పును సుమారు 5 గ్రాములకు, అంటే ఒక టీస్పూనుకు, పరిమితం చేస్తారు కాబట్టి ఊరగాయలు, అప్పడాలు, ఎండుచేపలు మానుకోవలసి వస్తుంది. మూత్రం ద్వారా నీటిని పంపే స్పైరోనోలాక్టోన్, ఫ్యూరోసెమైడ్ మందులు ఇస్తారు. తిరస్కరణను అడ్డుకునే టాక్రోలిమస్ వల్లా, స్పైరోనోలాక్టోన్ వల్లా కూడా రక్తంలో పొటాషియం పెరిగే అవకాశం ఉన్నందున తరచూ రక్తపరీక్షలు తప్పవు. పొటాషియంతో తయారయ్యే ప్రత్యామ్నాయ ఉప్పును వైద్యుల అనుమతి లేనిదే వాడకూడదు. నీరు 5 లీటర్లకు మించి తీయవలసి వస్తే, రక్తపోటు పడిపోకుండా, తీసిన ప్రతి లీటరుకు 6 నుంచి 8 గ్రాముల చొప్పున ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను సిర ద్వారా ఎక్కిస్తారు.

మార్పిడి చేయించుకున్నవారు ప్రతి ఉదయం బరువు చూసుకుని రాసిపెట్టుకోవాలి. బరువు వేగంగా పెరిగినా, జ్వరం, కడుపునొప్పి వచ్చినా, మూత్రం తగ్గినా వెంటనే మార్పిడి కేంద్రాన్ని సంప్రదించాలి తప్ప, సొంతంగా మందులు పెంచుకోవడం గానీ, మూత్రపిండాలకు హాని చేసే నొప్పి మాత్రలు వేసుకోవడం గానీ చేయకూడదు.