వూరి అర్జీ అసెంబ్లీకెక్కే దారి
సభలో అడిగిన ప్రశ్నకంటే రికార్డులో మిగిలిన జవాబే వూరికి ఆధారం

దాచేపల్లి: శాసనసభ సమావేశాలు మొదలవుతున్నాయంటే బస్టాండు దగ్గర టీ కొట్లలో మాట ఒకటే - 'మన ఎమ్మెల్యే ఈసారైనా నోరు విప్పుతాడా?' అని. సమావేశాలు ముగిశాక 'ఎంతసేపు మాట్లాడాడు?' అంటారు. ఏ ప్రశ్న వేశారు, మంత్రి ఏం జవాబు చెప్పారు, ఆ జవాబు ఏమైంది అని వాకబు చేసేవారు మాత్రం తక్కువ. వూరికి పనికొచ్చేది ఆ వాకబే.

గురజాల నియోజకవర్గంలో గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ల, మాచవరం మండలాలు వున్నాయి. పక్కనే కృష్ణ పారుతున్నా మెరక పొలాలకు ఆ నీరు దానంతట అదే ఎక్కదు. సాగర్ కుడి కాలువ మీద ఆధారపడిన రైతుకు, ముఖ్యంగా చివరి భూములవారికి, వేళకు తడి అందకపోతే మిరప, పత్తి మీద పెట్టిన పెట్టుబడి మట్టిపాలే. సున్నపురాయి, సిమెంటు లారీలు తిరిగే రోడ్ల సంగతి చెప్పనక్కరలేదు. ఇవన్నీ సభకు చేరవలసిన విషయాలే. చేరే దారి ఏమిటన్నదే ప్రశ్న.

అర్జీ వేరు, ప్రశ్న వేరు

'మా కాలువకు నీళ్లు రావటం లేదు' అని రాసిస్తే అది అర్జీ. ఏ మేజరు కింద, ఏ తూము దగ్గర, ఏ తేదీ నుంచి, ఎన్ని ఎకరాలకు అందలేదు అని వివరం పెడితే దాన్ని ప్రశ్నగా మలచవచ్చు. సభ్యుడు ఆ ప్రశ్నను ముందుగా రాతపూర్వకంగా శాసనసభ కార్యాలయానికి ఇవ్వాలి. నిబంధనలకు లోబడి వుంటే స్పీకరు అనుమతిస్తారు. ఆపైన అది సంబంధిత శాఖకు వెళుతుంది.

అసలు కదలిక అక్కడ మొదలవుతుంది. జవాబు చెప్పవలసింది మంత్రి కాబట్టి శాఖ పైనుంచి కిందికి వివరాలు అడుగుతుంది. ఆ అడగటం జిల్లా అధికారిని దాటి కాలువ మీద పనిచేసే ఇంజనీరు దాకా వస్తుంది. ఏడాదిగా బల్ల మీద పడివున్న ఫైలును వెతికి తీస్తారు. సభలో ప్రశ్న వినబడక ముందే వూళ్లో ఎవరో ఒకరు తూము చూసిపోవటం ఇందువల్లనే.

గంటలో ఎన్ని?

సాధారణంగా సభ రోజు ప్రశ్నోత్తరాలతో ఆరంభమవుతుంది. నక్షత్రం గుర్తు వున్న ప్రశ్నకు మంత్రి నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు వస్తుంది, అనుబంధ ప్రశ్నలు వుండవు. అత్యవసరమైతే స్వల్ప వ్యవధి ప్రశ్న వేసే వీలుంది.

ఇప్పటి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఎన్నికైన సభ్యులు 175 మంది. వున్నది ఒక గంట. ఒక ప్రశ్న మీద వాదన పెరిగితే తక్కిన వాటికి వంతు రాదు. సభలో గందరగోళం రేగి వాయిదా పడితే ఆ గంటే పోతుంది. నిరసనగా బయటికి వెళ్లటం సభ్యుని ఇష్టమే. అయితే ఆ పూట మంత్రిని నిలబెట్టి అనుబంధ ప్రశ్న వేసే అవకాశం వూరికి లేకుండా పోయినట్లే.

ప్రశ్నోత్తరాల తరువాత సభ్యులు అప్పటికప్పటి సమస్యలు లేవనెత్తే సమయాన్ని జీరో అవర్ అంటున్నారు. వర్షానికి తడిసిన మిరప కల్లాల సంగతి చెప్పటానికి అది అనువైనది. కాని అక్కడ 'పరిశీలిస్తాం' అన్న మాటతో సరిపెట్టుకోవలసి రావచ్చు. ముందుగా ఇచ్చిన ప్రశ్నకు వచ్చే జవాబుకున్న పట్టు దానికి వుండదు.

నూరు రూపాయల కోత

ఏటా వచ్చే బడ్జెట్ సమావేశాలు అన్నింటికంటే ముఖ్యమైనవి. గవర్నరు ప్రసంగం, దానికి ధన్యవాద తీర్మానం, బడ్జెట్ మీద సాధారణ చర్చ అయ్యాక శాఖలవారీ పద్దులు వస్తాయి. నీటిపారుదల, రోడ్లు, వైద్యం - ఏ శాఖకైనా ఇక్కడ సభ ఒప్పుకుంటేనే డబ్బు.

పద్దు మీద సభ్యుడు కోత తీర్మానం ఇవ్వవచ్చు. అందులో ఒక రకం నూరు రూపాయలు తగ్గించమనేది. వేల కోట్ల పద్దులో నూరు రూపాయలేమిటని నవ్వేవారున్నారు. ఆ నూరు ఆదా చేయటం దాని వుద్దేశం కాదు. ఫలానా రోడ్డు, ఫలానా ఆసుపత్రి సంగతి పేరుపెట్టి ఎత్తటానికి అదొక మార్గం. గడువు ముగిస్తే మిగిలిన పద్దులను చర్చ లేకుండానే ఓటుకు పెడతారు. అందుకే తన వూరికి కావలసిన పద్దు ఏ రోజు వస్తుందో సభ్యుడు ముందే చూసుకోవాలి.

సత్తెనపల్లి వావిలాల

ఈ పనిని జీవితంగా చేసుకున్నవారిలో సత్తెనపల్లి వావిలాల గోపాలకృష్ణయ్య గారు ఒకరు. 1906లో అక్కడే పుట్టి, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లివచ్చి, 1952, 1955, 1962, 1967 ఎన్నికల్లో అక్కడి నుంచే గెలిచారు. తొలుత మద్రాసు సభలో, ఆంధ్రరాష్ట్రం వచ్చాక కర్నూలులో, 1956 నవంబరు 1 తరువాత హైదరాబాదులో కూర్చున్నారు. 1955లో గెలిచిన ఆంధ్ర ప్రాంత సభ్యులు 1962 దాకా కొనసాగారు. ముతక ఖద్దరు, భుజాన సంచి - ఆయన్ని చూసినవారు ఇప్పటికీ చెప్పుకునే రూపం అది.

నందికొండ వద్ద ఆనకట్ట కావాలని పోరాడినవారిలో ఆయనా వున్నారు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. మధ్యలో గడిచిన దాదాపు పన్నెండేళ్లు వావిలాల సభలోనే వున్నారు. పునాదిరాయి వేసిన రోజు అందరికీ గుర్తుంటుంది. ఏటేటా పద్దులు ఆమోదం పొందిన రోజులు ఎవరికీ గుర్తుండవు. పల్నాటికి నీరు తెచ్చింది రెండూ కలిసే.

పాలన ప్రజల భాషలో సాగాలన్నది ఆయన మరో పట్టు. తెలుగును అధికార భాషగా ప్రకటిస్తూ చట్టం 1966లో వచ్చింది. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షుడు ఆయనే. 1992లో పద్మభూషణ్ వచ్చింది. 2003లో కన్నుమూశారు.

ఓటుకే విప్

ఆయన స్వతంత్ర సభ్యుడు కదా, పార్టీ సభ్యులకు ఆ స్వేచ్ఛ ఎక్కడిదని అడిగేవారుంటారు. 1985 నాటి 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఫిరాయింపుల చట్టం ప్రకారం పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటు వేస్తే సభ్యత్వానికి ముప్పు. అది ఓటు సంగతి. చివరి భూములకు నీరెందుకు రాలేదని ప్రశ్న వేస్తే సభ్యత్వం పోయేది లేదు. మంత్రి కాని సభ్యుడు పాలక పక్షంలో వున్నా ప్రశ్న వేయవచ్చు.

హామీకి కాపలా

'ఈ ఏడాదిలో పూర్తి చేస్తాం' అని మంత్రి సభలో అన్నారంటే అది వేదిక మీది వాగ్దానం వంటిది కాదు. సభా కార్యక్రమాల్లో అచ్చయివుంటుంది. అలాంటి హామీలు నెరవేరాయో లేదో చూడటానికే ప్రభుత్వ హామీల సంఘం వుంది. ఖర్చయిన డబ్బు లెక్క చూడటానికి ప్రజా పద్దుల సంఘం వుంది. ఈ సంఘాల్లో జరిగే పనికి చప్పట్లు వుండవు, ఫొటోలూ తక్కువే. ఓపిక వున్న సభ్యుడు వూరి పని సాధించేది మాత్రం ఇక్కడే.

వూరివారు చేయవలసింది కూడా కొంత వుంది. సమావేశాలకు ముందుగానే వివరాలతో, తేదీతో అర్జీ ఇచ్చి నకలు దగ్గర పెట్టుకోవాలి. ప్రశ్న ఇచ్చారా, దాని నెంబరు ఎంత అని అడగాలి. జవాబు ప్రతి తెచ్చి పంచాయతీ ఆఫీసులోనో, గ్రంథాలయంలోనో వుంచాలి. సభ్యుడు ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం వుండనే వుంది.

ఒకప్పుడు ఇక్కడి ఎమ్మెల్యే సమావేశాలకు పొందుగల దగ్గర కృష్ణ దాటి హైదరాబాదు వెళ్లేవారు. 2017 మార్చి నుంచి సభ వెలగపూడిలో జరుగుతున్నది. ఇప్పుడు పిడుగురాళ్ల మీదుగా, వావిలాల సత్తెనపల్లి మీదుగా వెళ్లవలసి వుంది. కారు బయలుదేరే ముందు అందులో దాచేపల్లి కాగితం వుందో లేదో చూసుకోవలసింది వూరివారే.