గోంగూర గిల్లడమూ చదువే
పసిపిల్లల పెంపకం: అపోహలు – వాస్తవాలు

అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో సలహాలకు కొదవుండదు. నానమ్మ ఒకటి చెబుతుంది, పక్కింటావిడ ఇంకొకటి చెబుతుంది, ఫోన్‌లో వచ్చే వీడియోలు పది చెబుతాయి. ‘ఇంకా ఏబీసీడీలు రాయించట్లేదా?’, ‘మావాడు రైమ్స్ అన్నీ గడగడా చెప్పేస్తాడు’ లాంటి మాటలు నాలుగు చెవిన పడ్డాక, మనం చేస్తున్నదేదీ చాలడం లేదేమోనని బెంగ పట్టుకుంటుంది. నిజానికి ఈ వయసు పిల్లలు నేర్చుకోవాల్సినదాంట్లో చాలా భాగం ఇంట్లో రోజూ జరిగే పనుల్లోనే ఉంది. స్నానం, వంట, బట్టలు మడతపెట్టడం, అన్నం తినడం, నిద్రపుచ్చడం... వీటిలో పిల్లల్ని కలుపుకుంటే చాలు. అలా కలుపుకోనీయకుండా అడ్డుపడుతున్న అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: తెలివితేటలు పెరగాలంటే రకరకాల ఎడ్యుకేషనల్ బొమ్మలు, కిట్లు కొనాలి.

వాస్తవం: బొమ్మలు ఎక్కువైతే ఆట పలచబడుతుంది. అమెరికాలోని టొలెడో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల వయసున్న 36 మంది పిల్లల ఆటను గమనించి, 2018లో ఫలితాలు ప్రచురించారు. ఎదురుగా 16 బొమ్మలు ఉన్నప్పటికంటే నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కోదానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడుకున్నారు. పదహారు ఉంటే దీన్ని పడేసి దాన్ని అందుకోవడంతోనే సరిపోతుంది. నాలుగే ఉంటే అదే బొమ్మను దొర్లించి, బోర్లించి, డోలులా వాయించి, దాంట్లో ఇంకోటి దాచి చూస్తారు.

కాబట్టి ఉన్నవాటిలో సగం అటకెక్కించండి. కొన్నాళ్లకు వాటిని దించి వీటిని ఎక్కించండి. ఈలోగా వంటింటి కింది అరలో ఉన్న స్టీలు గిన్నెలు, మూతలు, గరిటెలు చేతికివ్వండి. ఏ మూత ఏ గిన్నెకు సరిపోతుందో వెతకడం ఏ పజిల్ కిట్‌కూ తీసిపోదు.

అపోహ: పసిపిల్లలు పనికి అడ్డం. వాళ్లను ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టి పని ముగించుకోవడమే మేలు.

వాస్తవం: కాళ్లకు అడ్డం పడుతున్నారని మనం విసుక్కునే వయసులోనే పిల్లలకు పనిలో చెయ్యి కలపాలన్న ఉబలాటం ఎక్కువ. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో దీన్ని పరీక్షించి 2006లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. పద్దెనిమిది నెలల పిల్లల ముందు ఒక పెద్దమనిషి బట్టల క్లిప్పు లాంటి వస్తువు జారవిడిచి, అందక తంటాలు పడుతున్నట్టు నటించాడు. ఎవరూ అడగలేదు, మెచ్చుకోనూ లేదు. అయినా చాలామంది పిల్లలు లేచి వెళ్లి అందించారు.

ఈ ఉబలాటాన్నే చదువుగా మలిచిన మనిషి మరియా మాంటిసోరి. 1907లో రోమ్‌లో తొలి బాలల గృహం తెరిచిన ఆమె నీళ్లు ఒంపడం, ఊడవడం, బల్ల తుడవడం, గుడ్డలు మడవడం లాంటివాటికి పాఠాల స్థాయి ఇచ్చారు. 1939లో మద్రాసు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి, ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. వేలకు వేలు ఫీజులు కట్టి పంపే బడుల్లో పిల్లలు ఈ పనులు నేర్చుకుంటుంటే మురిసిపోతాం. ఇంట్లో అవే చేయబోతే ‘నీకెందుకు, అవతలకి పో’ అంటాం.

మూడేళ్ల పాప ముందు గోంగూర కట్ట పెట్టి చూడండి. ఒక చేత్తో కాడ పట్టుకోవాలి. రెండో చేతి బొటనవేలు, చూపుడువేలు కలిపి ఆకును మొదట్లో గిల్లాలి. ముందు కాడతో సహా పీకేస్తుంది. నాలుగైదు ఆకులు నలిపేస్తుంది. కాసేపటికి ఎక్కడ పట్టుకోవాలో, ఎంత గట్టిగా నొక్కాలో వేళ్లకు తెలిసిపోతుంది. రేపు పెన్సిల్ పట్టుకోవడానికి కావాల్సింది ఈ పట్టే. ‘పండాకు పక్కన పెట్టమ్మా, మంచాకు గిన్నెలో వెయ్యి’ అన్నారనుకోండి, వేరుచేయడం వచ్చేసింది. ఒక ఆకు కొరికి మొహం చిట్లిస్తే పులుపంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. అవును, మీరొక్కరే చేస్తే అయిదు నిమిషాల్లో అయ్యే పని పావుగంట పడుతుంది. అందుకే హడావుడిగా ఉండే పొద్దుటిపూట వద్దు, సాయంత్రం పెట్టుకోండి.

వయసును బట్టి పని అప్పగించండి. ఏడాదిన్నర పిల్లలు విడిచిన బట్టలు బుట్టలో వేయగలరు. రెండేళ్లవాళ్లు ఉల్లిపాయలు ఒకవైపు, బంగాళాదుంపలు ఒకవైపు చేర్చగలరు. మూడేళ్లకు చిన్న చెంబుతో గ్లాసులోకి నీళ్లు ఒంపడం, చపాతీ పిండి ఉండలు చేయడం, జేబురుమాళ్లు మడవడం వచ్చేస్తాయి. నాలుగేళ్లకు ‘ఇంట్లో అయిదుగురం ఉన్నాం, కంచాలు పెట్టు’ అంటే లెక్క చూసుకుని పెడతారు.

జాగ్రత్తలు మాత్రం మరవకండి. నాలుగేళ్లలోపు పిల్లల చేతికి వేరుశెనగ గింజలు, శెనగలు, చింతపిక్కలు, గచ్చకాయలు ఇవ్వొద్దు. గొంతుకు అడ్డం పడితే ప్రాణం మీదికొస్తుంది. నీళ్లున్న బకెట్ దగ్గర పసిపిల్లల్ని ఒంటరిగా వదలొద్దు, అందులో జానెడు నీళ్లే ఉన్నా సరే. పొయ్యి, కుక్కర్, కత్తిపీట ఉన్న వైపు వాళ్లకు చోటివ్వొద్దు.

అపోహ: పని చేసినప్పుడల్లా చాక్లెట్ ఇస్తే మళ్లీ చేయడానికి ఉత్సాహపడతారు.

వాస్తవం: ఎదురే జరుగుతుంది. వార్నెకెన్, టొమసెల్లోలే 2008లో ఇరవై నెలల పిల్లలతో ఇంకో ప్రయోగం చేశారు. సాయం చేసినందుకు బహుమానం అందుకున్న పిల్లలు, తర్వాత బహుమానం లేనప్పుడు మిగతావాళ్లకంటే తక్కువగా సాయపడ్డారు. ‘నువ్వు తీసిన ఆకే ఇవాళ్టి పప్పులో వేశాం’ అని నలుగురి ముందు చెప్పండి, చాలు.

అపోహ: రైమ్స్ వీడియోలు చూపిస్తే మాటలు త్వరగా వస్తాయి.

వాస్తవం: మాట మనుషుల దగ్గరే వస్తుంది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లలపై చేసిన ప్రయోగం 2003లో వెలువడింది. చైనా భాష మాట్లాడేవాళ్లు పన్నెండుసార్లు వచ్చి పిల్లలతో ఆడారు, పుస్తకాలు చదివారు. వాళ్లతో గడిపిన పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడా గుర్తుపట్టారు. అవే మాటలు, అదే మనుషులు వీడియోలో కనబడిన పిల్లలకు ఏమీ పట్టుబడలేదు. తెర మాట్లాడుతుందే గానీ, పిల్లాడు ‘ఊఁ’ అంటే ఆగి బదులివ్వదు. ఆ బదులులోనే భాష ఉంది.

రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి అయిదేళ్ల వరకు రోజుకు గంట మించకూడదని, అదీ పెద్దలు పక్కనుండగానేనని భారత శిశువైద్యుల సంఘం 2021లో సూచించింది. దూరాన ఉన్న తాతయ్య, అమ్మమ్మలతో అప్పుడప్పుడు వీడియో కాల్‌కు మినహాయింపు ఉంది. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు.

మరి ఏం మాట్లాడాలి? చేస్తున్న పనే మాట్లాడండి. ఆరిన బట్టలు తెచ్చి మంచం మీద పడేసినప్పుడు ‘ఇది నాన్న చొక్కా, పెద్దది. ఇది నీ లాగు, చిన్నది. అయ్యో, దీని గుండీ ఊడిపోయిందే! ఎక్కడ పడిందంటావ్?’ అని ఆగండి. వాళ్లకు మాటలు రాకపోయినా వేలు చూపిస్తారు, ఏదో ఒక శబ్దం చేస్తారు. దానికి మళ్లీ బదులివ్వండి.

ఇంట్లో తెలుగు, బయట హిందీ లేదా ఇంగ్లిష్ వింటే మాటలు ఆలస్యమవుతాయన్నదీ అపోహే. రెండు భాషలు కలిపి మాట్లాడినా అది గందరగోళం కాదు, తమకు తెలిసిన మాటలన్నీ వాడుకోవడం. కాబట్టి పిల్లలతో మీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి.

‘మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే’ అని ఊరుకోవడమూ తగదు. ఏడాది నిండినా ‘బాబా, దాదా’ లాంటి శబ్దాలు చేయకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు ‘అమ్మా, పాలు’ లాంటి జంట మాటలు లేకపోయినా వైద్యుడికి చూపించండి, వినికిడి పరీక్ష చేయించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో ఇలాంటి పిల్లలకు ఉచితంగా సేవలందుతాయి.

అపోహ: మూడో ఏటనే పెన్సిల్ పట్టించి రాయిస్తే చదువులో ముందుంటారు.

వాస్తవం: ‘మొక్కై వంగనిది మానై వంగుతుందా’ అన్న సామెతను ఇక్కడ వాడతారు గానీ, మూడేళ్ల పిల్లల వేళ్ల కండరాలు గీతల మధ్య అక్షరాలు రాయడానికి ఇంకా సిద్ధం కావు. బలవంతంగా రాయిస్తే చెయ్యి నొప్పి, పుస్తకమంటే విముఖత మిగులుతాయి. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా తీసుకుని, ఆటపాటలతో నేర్పమంది. ఒకటో తరగతికి ఆరేళ్ల వయసు పెట్టింది. బాసరలోనో ఇంటిదగ్గరో అక్షరాభ్యాసం చేసి, బియ్యంలో వేలుపెట్టి దిద్దించడం ముచ్చటైన వేడుక. మర్నాటి నుంచే హోంవర్కు మొదలుపెట్టమని దానర్థం కాదు.

ఇసుకలో, బియ్యప్పిండిలో వేలితో గీయనివ్వండి. వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు నాలుగు చుక్కలు వాళ్లను పెట్టనివ్వండి. సున్నపు ముగ్గు కళ్లలో పడితే ప్రమాదం గనక వాళ్ల చేతికి బియ్యప్పిండే ఇవ్వండి.

అపోహ: ఫోన్ చూపించో, వెంటపడో తినిపించకపోతే పిల్లలు చిక్కిపోతారు.

వాస్తవం: మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది తిరిగేసరికి దాదాపు తొమ్మిది కిలోలవుతుంది. రెండో ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల వేగం తగ్గింది కాబట్టి ఆకలీ తగ్గుతుంది. మనమేమో ‘ఇదివరకు బాగా తినేవాడు’ అని కంగారుపడి ఫోన్ ముందు పెడతాం. తెర చూస్తూ తినే పిల్లలకు కడుపు నిండిన సంగతి తెలియదు, ఏం తిన్నారో అంతకన్నా తెలియదు.

ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మీరు చూసుకోండి. ఎంత తినాలో వాళ్లకు వదిలేయండి. అందరితోపాటు కంచం వేసి, పప్పన్నం వాళ్ల చేత్తోనే కలుపుకోనివ్వండి. కింద పాత పేపరు పరిస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. కొత్త కూర ఒకసారి ఉమ్మేశారని మానేయకండి. నాలుకకు అలవాటు కావడానికి ఎనిమిది నుంచి పదిహేనుసార్లు రుచి చూపించాల్సి రావచ్చు.

తినలేదని పాలు పట్టించే అలవాటూ మానాలి. ఏడాది దాటిన పిల్లలకు రోజుకు అర లీటరు లోపే చాలు. అంతకుమించితే అన్నం మీద ఆకలి చచ్చి, ఇనుము అందక రక్తహీనత వస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది.

అపోహ: వాకర్‌లో కూర్చోబెడితే త్వరగా నడుస్తారు.

వాస్తవం: త్వరగా నడవరు సరికదా, మెట్ల మీద నుంచి దొర్లిపడే ప్రమాదం ఎక్కువ. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. పసికందును మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్లెదుటే రోజులో కొంతసేపు బోర్లా పడుకోబెట్టండి. కాస్త పెద్దయ్యాక నేల మీద వదలండి. గోడ, కుర్చీ, నానమ్మ మోకాలు పట్టుకుని లేవడమే అసలైన కసరత్తు.

అపోహ: దినచర్య అంటే గడియారం ప్రకారం నడిపించడం.

వాస్తవం: పిల్లలకు గంటలు తెలియవు, వరస తెలుస్తుంది. స్నానం, తర్వాత అన్నం, తర్వాత దీపం తగ్గించడం, ఒక కథ, జోలపాట. ఈ వరస రోజూ ఒకేలా ఉంటే, కథ మొదలవగానే ఒళ్లు నిద్రకు సిద్ధపడుతుంది. రాత్రిపూట క్రమం పాటించిన ఇళ్లలో పిల్లలు త్వరగా నిద్రపోయి, మధ్యలో తక్కువసార్లు లేచారని 405 మంది తల్లీబిడ్డలతో జరిగిన అధ్యయనం 2009లో తేల్చింది. పెళ్లికో పండక్కో వెళ్లి ఆలస్యమైతే వేళ తప్పుతుంది. అయినా వరస తప్పనివ్వకండి. ఒకటి, రెండేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు, నాలుగేళ్లవాళ్లకు 10 నుంచి 13 గంటలు నిద్ర అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

అపోహ: ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఇవన్నీ కుదరవు.

వాస్తవం: పైన చెప్పినవాటిలో దాదాపు దేనికీ విడిగా సమయం కేటాయించక్కర్లేదు. వంట ఎలాగూ చేస్తారు, బట్టలు ఎలాగూ మడతపెడతారు, బిడ్డకు ఎలాగూ స్నానం చేయిస్తారు. వీటిని అమ్మ ఒక్కతే చేయాలన్న నియమమూ లేదు. నాన్న కూరగాయల సంచీ నేల మీద కుమ్మరించి బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుంటే ఆ పావుగంటలో రంగులు, పేర్లు, లెక్కలు అన్నీ దొర్లిపోతాయి. ఇంకా ఏం చేయించాలో తోచకపోతే అంగన్‌వాడీకి వెళ్లి అడగండి. పుట్టినప్పటి నుంచి మూడేళ్ల వరకు ఏ నెలలో ఏ ఆట ఆడించాలో చెప్పే 140 కృత్యాలతో కేంద్ర ప్రభుత్వం 2024లో ‘నవచేతన’ అనే మార్గదర్శిని తెచ్చింది.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. రోజూ తప్పకుండా జరిగే పని ఒకటి ఎంచుకుని, అందులో చిన్న భాగం బిడ్డకు వదలండి. బాగా చేయలేదని వాళ్ల కళ్లెదుట దాన్ని మళ్లీ సర్దకండి. వంకరగా మడిచిన జేబురుమాలు వంకరగానే బీరువాలోకి వెళ్లనివ్వండి.