రైలెక్కిన ఇంటిపేరు

ఓడలెక్కి వెళ్లిన తెలుగువాళ్ల పేర్లు జాబితాల్లో ఉన్నాయి. రైలెక్కి సూరత్ వచ్చిన నేత కుటుంబాల పేర్లు ఎక్కడున్నాయి? ట్రంకుపెట్టె అడుగున, పెద్దల నోట, గ్రంథాలయం బీరువాల్లో. ఆ మూడింటినీ ఒకచోటికి చేర్చాల్సింది మనమే.

2025 నవంబరు. సూరత్‌లో ఉన్ పాటియాలోని మా ఇంటికి బూత్ అధికారి ఒక ఫారం తెచ్చి ఇచ్చారు. గుజరాత్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలైన రోజులవి. 2002 నాటి జాబితాలో మీ పేరుందా? లేకపోతే అమ్మానాన్నలదో, వాళ్ల పెద్దలదో ఉందా? ఏ నియోజకవర్గం, ఏ భాగం, వరస నంబరెంత? గడులన్నీ నింపాలి. బాపు అటక మీది ట్రంకుపెట్టె దించాడు.

పెట్టెలో రెండు రేషన్ కార్డులు, బాపు చదివిన తెలుగు మాధ్యమం మునిసిపల్ బడి టీసీ, తాత సాంచాల మీద పనిచేసిన కాలపు కూలి చీటీలు. ఒక కార్డులో తాత పేరుకు చివర ‘భాయ్’ చేరింది. ఇంకోదాంట్లో ఇంటిపేరులో ఒక అక్షరమే మారిపోయింది. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. గుజరాత్‌లో పేరు, తండ్రి పేరు, ఆఖర్న ఇంటిపేరు. ఒక వరసలోని పేరును మరో వరసలో రాసేటప్పుడు, రాసినవాళ్లకు ఎలా వినపడితే అలా మారింది. నాలుగు కాగితాల్లో మా ఇంటిపేరు నాలుగు రకాలుగా ఉంది.

అన్నిటికన్నా అడుగున, మడతల దగ్గర చిరిగిన పసుపుపచ్చ కాగితం ఒకటి. ఉర్దూ రాత. ఇంట్లో ఎవరికీ చదవడం రాదు. “అది పారెయ్యకుండ్రి. మీ తాత ఊరిడిసినప్పుడు నడుముకు కట్టుకొచ్చిండు” అంది బాపమ్మ.

ఫారం ఆ వారంలోనే నిండింది. ఆ పసుపు కాగితం మాత్రం నన్ను వదల్లేదు.

ఓడకు జాబితా, రైలుకు టికెట్టు

మద్రాసు నుంచి బయల్దేరిన ‘ట్రూరో’ ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని దర్బన్ చేరింది. ఆ ఓడలోనూ, తర్వాత వచ్చిన ఓడల్లోనూ చెరకు తోటలకు వెళ్లిన కూలీల పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా, ఒంటి మీది పుట్టుమచ్చలు కూడా జాబితాలకెక్కాయి. మారిషస్‌కు వలసపోయినవాళ్ల రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. కొందరి ఫొటోలు కూడా ఉన్నాయి. మనుషుల్ని సరుకులా లెక్కపెట్టిన కాగితాలవి. అయినా ఐదో తరం మనవడు విశాఖ జిల్లాలో తన పల్లెను వెతుక్కోవాలంటే ఇప్పుడు ఆ కాగితాలే దిక్కు.

సూరత్‌కు వచ్చిన మనవాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల్లో చేమగ్గం కూడు పెట్టని రోజులు వచ్చినప్పుడు పద్మశాలీలు షోలాపూర్, భివండీ, సూరత్‌లకు దారిపట్టారు. వరంగల్‌లో రైలెక్కితే బల్హార్షా, వార్ధా, భుసావల్ దాటి తాపీ లోయ వెంట ఉధ్నా మీదుగా సూరత్. ఇవాళ్టికీ నవజీవన్ ఎక్స్‌ప్రెస్ నడిచేది ఆ దారినే. దిగినచోట టికెట్టు గేటు దగ్గర ఇచ్చేస్తే, ఆ ప్రయాణానికి మరో సాక్ష్యం మిగలదు. లింబాయత్‌లో, ఉధ్నాలో, పాండేసరాలో, భేస్తాన్‌లో, మా ఉన్‌లో ఇల్లు కట్టుకున్న తెలుగు కుటుంబాల చరిత్ర చాలామటుకు ఇలా గేటు దగ్గర ఇచ్చేసిన టికెట్టే.

పటం విప్పితే వంశం

ఊళ్లో ఉన్నన్నాళ్లూ మనకు వేరే ఏర్పాటు ఉండేది. పద్మశాలీలను ఆశ్రయించి బతికిన కూనపులివాళ్లు చేర్యాల నకాషీలు గీసిన పొడవాటి పటం విప్పి, కర్రతో బొమ్మలు చూపిస్తూ మార్కండేయుడి కథ, భావనారుషి కథ చెప్పేవాళ్లు. కథతో పాటు గోత్రాలు చెప్పేవాళ్లు, ఇంటి పెద్దల పేర్లు తలచేవాళ్లు. ఇతర కులాలకు భట్రాజులు, పిచ్చుకుంట్లవాళ్లు ఆ పని చేశారు. గుజరాత్‌లో వహీవంచా బారోట్లున్నారు. ‘వహీ’ అంటే వంశావళి పుస్తకం, దాన్ని చదివేవాడు వహీవంచా. హరిద్వార్ పండాల దగ్గర యాత్రికుల వంశాల పుస్తకాలున్నాయి. అమెరికాలోని యూటా వంశావళి సంఘం వాటిలో చాలావాటిని మైక్రోఫిల్ముల మీదికి ఎక్కించింది.

కథకుడు ఏడాదికోసారి మన వాకిట్లోకి వచ్చి మన పెద్దల పేర్లు మనకే వినిపించడం ఎంత పెద్ద అండో, అది తెగిపోయాక గానీ తెలియదు. కూనపులి పటం నవజీవన్ ఎక్కి ఉన్ పాటియా దాకా రాలేదు. ఇంట్లో మిగిలింది పితృకార్యంలో చెప్పుకునే మూడు పేర్లే. తండ్రి, తాత, ముత్తాత. అంతకు పైన చీకటి.

మూడు ప్రశ్నలు

సూరత్ గ్రంథాలయాలున్న ఊరు. ఇక్కడి ఆండ్రూస్ లైబ్రరీ 1850లో పుట్టింది. ‘గుజరాత్‌మిత్ర’ పత్రిక 1863 నుంచి ఈ ఊళ్లోనే అచ్చవుతోంది. నగరపాలక సంస్థ నడిపే పెద్ద గ్రంథాలయానికి కవి నర్మద్ పేరు పెట్టారు. 1833లో సూరత్‌లో పుట్టిన నర్మద్ గుజరాతీలో తొలి ఆత్మకథ రాసినవాడు. తన ఊరి చరిత్రను కూడా రాసిపెట్టాడు. తన పుట్టుక, తన కుటుంబం, తన ఊరు అక్షరాల్లో ఉండాలని పట్టుబట్టిన మనిషి పేరున్న గ్రంథాలయం వలసవచ్చిన మనకు కూడా సొంతమే.

మా ఊరి గ్రంథాలయాల్లో ఒకదానికి వెళ్లి, మా తాత గురించి ఏమైనా దొరుకుతుందా అని అడిగాను. బల్ల వెనకాల ఉన్నావిడ దొరుకుతుందనీ అనలేదు, దొరకదనీ అనలేదు. మూడు ప్రశ్నలు వేశారు. ఏ ఊరు? ఏ కాలం? అప్పుడు ఆ ఊరు ఎవరి ఏలుబడిలో ఉండేది?

మూడో ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. వరంగల్ నిజాం రాజ్యంలో ఉండేది. అంటే సర్కారు కాగితాలు ఉర్దూలో ఉంటాయి, తేదీలు ఫసలీ సంవత్సరాల్లో ఉంటాయి. ఆవిడ కాలగణనల పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే సుమారుగా మన సంవత్సరం వస్తుంది. ఇక ఆ కాగితం చదివేవాళ్లను చూసుకోండి అన్నారు.

చదివే మనిషి మాకు రెండు గల్లీల అవతలే ఉన్నారు. కొడుకు దుకాణం ముందు కుర్చీ వేసుకుని కూర్చునే ఉర్దూ వచ్చిన పెద్దాయన. రోజూ ఆయన ముందునుంచే పాలకు వెళ్తాను. కళ్లద్దాలు తుడుచుకుని, కాగితాన్ని వెలుతురుకు పట్టి, వేలితో కుడినుంచి ఎడమకు మెల్లగా జరిపారు. “రసీదు బేటా. తేరాసౌ ఇక్తాలీస్ ఫసలీ.” 1341. నేను వేళ్ల మీద లెక్కేసుకున్నాను. 1931 ప్రాంతం. తర్వాత మా ముత్తాత పేరు చదివారు. దాని పక్కన చిన్న మాట, ఆ పక్కన ఇంకో పేరు. “వల్ద్ అని రాసుంది. అంటే ఫలానావాడి కొడుకని” అన్నారు.

ఆ ఇంకో పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక్క ‘వల్ద్’ మాట వెనక ఒక తరం మొత్తం నిలబడి ఉంది. మా కుటుంబం సూరత్‌కు వచ్చిన ఇన్నేళ్లూ అది మా అటక మీదే ఉంది, దాన్ని చదవగల కళ్లు రెండు గల్లీల దూరంలోనే ఉన్నాయి.

ఆ రాత్రి వరంగల్‌లోని పెదబాపుకు ఫోన్ చేసి ఆ పేరు చెప్పాను. చాలాసేపు మాట లేదు. “గా పేరు నీకెట్ల దొరికింది బిడ్డా? పెత్రమాస నాడు బియ్యం ఇచ్చేటప్పుడు మా తాత పలికేటోడు. నేను మర్శేపోయిన” అన్నాడు.

పేరు దొరక్కపోయినా కాలం దొరుకుతుంది

అందరి పెట్టెలోనూ ఇలాంటి కాగితం ఉండదు. 2006 ఆగస్టులో తాపీ వరద సూరత్‌ను ముంచినప్పుడు ఎన్నో ఇళ్ల కాగితాలు నీళ్లపాలయ్యాయి. అలాంటివాళ్లు పుట్టిన ఊరి వైపు నుంచి మొదలుపెట్టాలి.

తెలంగాణలో భూమి ఉన్న కుటుంబానికి 1954–55 నాటి కాస్రా పహాణీ గట్టి ఆధారం. సర్వే నంబరు తెలిస్తే చాలు, అప్పటి పట్టాదారు ఎవరో, సాగు చేసిందెవరో తెలుస్తుంది. అంతకుముందువి సేత్వార్, ఫైసల్ పట్టీలు. అసఫ్‌జాహీల కాలపు సర్కారు కాగితాలు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పత్ర భాండాగారంలో ఉన్నాయి. భూమి లేని నేతగాడి పేరు పహాణీకి ఎక్కదు. అతనికోసం బడి అడ్మిషన్ రిజిస్టరు, చేనేత సహకార సంఘం సభ్యుల పుస్తకం, ఇంటిపన్ను రసీదు చూడాలి. జననమరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం 1969లో గానీ రాలేదు. కాబట్టి అంతకుముందు పుట్టినవాళ్లకు బడి రిజిస్టరే జన్మపత్రం. జనగణన పుస్తకాల్లో తాత పేరు వెతకడం వృథా. అమెరికాలో 72 ఏళ్లకు, బ్రిటన్‌లో వందేళ్లకు ఇంటింటి జాబితాలు బయటపెడతారు గానీ, మన 1948 చట్టం ఎవరి వివరాలనూ చూపించనివ్వదు. ఊరి లెక్కలు మాత్రం జిల్లా జనగణన పుస్తకాల్లో దొరుకుతాయి.

గ్రంథాలయం విలువ తెలిసేది ఇక్కడే. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం 1904లో, నేతగాళ్ల ఊరైన వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో వెలిశాయి. వాటిని కట్టింది ప్రభుత్వాలు కావు, చందాలేసుకున్న జనం. వేటపాలెంలో దశాబ్దాల నాటి పత్రికలు భద్రంగా ఉన్నాయి. సురవరం ప్రతాపరెడ్డి 1926లో మొదలుపెట్టిన గోలకొండ పత్రిక లాంటివి తిరగేస్తే మన తాత పేరు కనపడదు. కానీ ఆయన బతికిన కాలం కనపడుతుంది. ఆ ఏడాది వానలు పడ్డాయా, గత్తర వచ్చిందా, ఊళ్లలో ఏ గొడవ నడుస్తోంది? ఎందుకు ఊరు విడిచాడన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఆయన పేరులేని పేజీలోనే ఉంటుంది.

పెద్దల మాటను కూడా ఇలాగే కాలానికి కట్టుకోవాలి. ఏ సంవత్సరం పుట్టావని అడిగితే బాపమ్మకు తెలియదు. “రజాకార్ల లొల్లప్పుడు జొన్నచేన్ల దాసుకున్నం, నాకు ఎనిమిదేండ్లుంటయి” అంది. ఆ లొల్లి 1947–48లో. అంటే 1940 ప్రాంతంలో పుట్టింది. సూరత్‌లోనైతే 1994 ప్లేగు, 2006 వరద ఇలాంటి మైలురాళ్లు. ప్లేగుకు ముందు పుట్టావా, తర్వాతా అని అడిగితే ఎవరైనా చెప్పగలరు.

విన్నదాన్ని సరిచూసుకోవడమూ అవసరమే. సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’ మనలో చాలామంది చదివిందే. అలెక్స్ హేలీ ఇంట్లో విన్న మాటల్ని పట్టుకుని గ్రంథాలయాలు, భాండాగారాలు తిరిగి ఆ పుస్తకం రాశాడు. 1976లో అది వచ్చాక పరిశోధకులు అందులోని కొన్ని లంకెల్ని ప్రశ్నించారు. ఇష్టమైన కథ కాబట్టి నిజమనుకోవడం ఎంత తేలికో ఆ పుస్తకం కూడా మనకు చెబుతుంది. అందుకే నోట్‌బుక్కులో నేను ఎడమపక్క విన్నమాట, కుడిపక్క దొరికిన కాగితం రాసుకున్నాను. కుడిపక్క ఖాళీగా ఉన్నచోట ఖాళీగానే వదిలాను.

ఏ కాగితంలోనూ లేని పేర్లు

నోట్‌బుక్కు నిండుతున్నకొద్దీ ఒక లోటు కళ్లకు కట్టింది. రసీదులో మగవాళ్ల పేర్లే. పహాణీలో మగవాళ్లే. పితృకార్యంలో పలికే మూడు పేర్లూ వాళ్లవే. 1931 ప్రాంతంలో ఆ రసీదు అందుకున్న మనిషికి కండెలు చుట్టి, పడుగు సాపి, మగ్గానికి సగం పని చేసిన ఆడమనిషి పేరు ఏ సర్కారుకూ అక్కర్లేకపోయింది. ఆ పేరు ఏ గ్రంథాలయంలోనూ దొరకదు. బతికున్న ఒక్క ముసలామె నోట్లోనే ఉంటుంది, ఆమెతోనే పోతుంది.

అందుకే అడుగుతున్నాను. ఈ ఆదివారమే మీ ఇంట్లో పెద్దామె పక్కన కూర్చోండి. ఆమె తల్లి పేరు, అత్త పేరు, పుట్టినూరు పేరు అడిగి రాసుకోండి. ఫోన్లో గొంతు రికార్డు చేయండి. పాత కాగితాలకు ఫొటోలు తీయండి. రాసినదానికి మూడు ప్రతులు తీసి ఒకటి ఇంట్లో, ఒకటి సొంతూళ్లోని బంధువుల దగ్గర, ఒకటి మీ ఊరి గ్రంథాలయంలో ఉంచండి. గ్రంథాలయం మనకు ఇచ్చేదే కాదు, మన దగ్గరి నుంచి తీసుకుని దాచిపెట్టేది కూడా. రేపు సూరత్ తెలుగువాళ్ల చరిత్ర రాయబోయేవాళ్లకు మనం వదిలే ఆ పది పేజీలే ఓడ జాబితా.

నేను బాపమ్మను అడిగాను. “మీ అత్త పేరేంది బాపమ్మా?” మంచం అంచున కూర్చుని చాలాసేపు ఆలోచించింది. మర్చిపోయి కాదు. అత్త పేరు పలకడం తప్పని పెరిగిన మనిషి. చివరికి నా నోట్‌బుక్కు వైపు చూసి, “రాస్తవా?” అంది. రాస్తానన్నాను. తలమీది కొంగు సవరించుకుని, జీవితంలో మొదటిసారి ఆ పేరు గట్టిగా చెప్పింది.

ముత్తాత పేరు పక్కన, ‘వల్ద్’ కన్నా ముందు, ఆ పేరు రాశాను.