వాట్లు చూసి కొనొద్దు!

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు డెమోకి ఇంకా రెండు రోజులే. ఐసీ కాలు అతికిస్తుంటే బోర్డు మీది రాగి ప్యాడ్ ఊడి బిట్‌తోపాటే పైకొచ్చేసింది. నా చేతిలో ఉన్నది నేరుగా ప్లగ్గులో పెట్టే 60 వాట్ల ఐరన్. ఎక్కువ వాట్లయితే పని తొందరగా అవుతుందని కొనేశా. వేడికి అదుపు లేకపోవడంతో ప్యాడ్‌ను పట్టి ఉంచే జిగురు సడలిపోయింది.

సోల్డరింగ్ స్టేషన్ కొనబోయే జూనియర్లు నన్ను మొదట అడిగేది కూడా ‘ఎన్ని వాట్లు?’ అనే. వాట్లు చెప్పేది వేడి ఎంత వేగంగా అందుతుందో మాత్రమే. ఎక్కడ ఆగాలో చూసుకునేది బిట్ దగ్గరుండే సెన్సర్. 60 శాతం తగరం, 40 శాతం సీసం ఉండే సోల్డర్ వైరు సుమారు 190 డిగ్రీల సెల్సియస్‌కే కరిగిపోతుంది. బిట్‌ను 320-350 మధ్య పెట్టుకుంటే మామూలు పనులన్నీ అవుతాయి. పెద్ద రాగి భాగాన్ని తాకినప్పుడు బిట్ చల్లబడుతుంది. సెన్సర్ అది పసిగట్టి హీటర్‌కి కరెంటు పెంచుతుంది. వాట్లు అక్కరకొచ్చేది అప్పుడే.

మార్కెట్లో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. 936 తరహాలో హీటర్ హ్యాండిల్‌లో ఉంటుంది, బిట్ దాని మీద టోపీలా కూర్చుంటుంది. బిట్లు చౌక. టీ12 తరహాలో హీటర్, సెన్సర్, బిట్ అన్నీ ఒకే కడ్డీ. క్షణాల్లో వేడెక్కుతుంది గానీ బిట్ మార్చాలంటే ఖర్చెక్కువ. నేర్చుకునేవాళ్లకి నా ఓటు 936కే. మొబైల్ రిపేరే బతుకుతెరువు అనుకుంటే టీ12కి వెళ్లండి.

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో బేరమాడే ముందు ‘దీని బిట్లు విడిగా దొరుకుతాయా?’ అని అడగండి. లేవంటే ఎంత తగ్గించినా వద్దు. రెండు పిన్నుల ప్లగ్గున్నదీ వద్దు. వీలైతే ప్లగ్గు తీసి ఉంచి, మల్టీమీటర్ ఒక కొన ఎర్త్ పిన్నుకి, ఇంకోటి బిట్‌కి ఆనించి చూడండి. ఒకట్రెండు ఓమ్‌లకు మించకూడదు. ఎర్త్ లేకపోతే లీకేజీ వోల్టేజీకి సున్నితమైన చిప్పులు పాడవుతాయి, అదీ పైకి ఏమీ కనపడకుండా!

సూది మొన బిట్ చూసి మోజు పడకండి. ఉలిలా పలచగా ఉండేదే ప్యాడ్‌కి ఎక్కువ ఆనుతుంది, వేడి బాగా దిగుతుంది. పనయ్యాక బిట్‌కి కాస్త సోల్డర్ పూసి ఆపండి. నల్లబడిందని బ్లేడుతో గీకితే పైనున్న ఇనుప పూత పోయి, లోపలి రాగి త్వరగా తినేస్తుంది. ఆ తప్పూ నేను చేసిందే.