ఒక్క మూటలో ఎన్ని పనిముట్లు?

మన ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలు కంప్యూటరులోనికి మారుచున్న కాలమిది. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 సంఘములను 2,516 కోట్ల రూపాయల వ్యయముతో కంప్యూటరీకరించుటకు ఆమోదము తెలిపెను. అప్పుల పద్దులు, వాటాధనము, డిపాజిట్లు మున్నగునవి అందులకై ప్రత్యేకముగా చేయబడిన సాఫ్టువేరునందు నడచును. అయినను సంఘములోని వ్రాతపని అంతటితో తీరదు. మహాజనసభ నోటీసు, తీర్మానముల ప్రతి, ఎరువుల పంపిణీ జాబితా, జిల్లా బ్యాంకునకు ఉత్తరము, వీనికి వేఱుగా ఒక ఆఫీసు సాఫ్టువేరు కావలయును. దానిని వెలకు కొనవచ్చును. లేదా ఉచితముగా లభించు ఓపెన్ సోర్సు సాఫ్టువేరును వాడుకొనవచ్చును.

ఈ రెండవదానిని గుఱించి తఱచుగా ఒక ప్రశ్న వినవచ్చుచున్నది. వ్రాతకును, పట్టికలకును తోడుగా ఈ-మెయిలు, క్యాలెండరు, బ్రౌజరు, జమాఖర్చుల పుస్తకము కూడ అదే మూటలో కట్టి యిచ్చిన మేలు గాదా యని. ప్రశ్న చిన్నదిగా దోచును. కాని సంఘపు సొమ్మును, సభ్యుల వివరములును దీనితో ముడివడి యున్నవి గావున, రైతు సోదరులతో కలిసి దీనిని కొంచెము విచారింప దలచితిమి.

ముందుగా ఓపెన్ సోర్సు అనగా నేమో తెలిసికొందము. సాఫ్టువేరు ఏ ఆజ్ఞలతో పనిచేయునో ఆ మూలవ్రాత, అనగా సోర్సు కోడు, అందఱికిని బహిరంగముగ నుండును. ఎవరైనను దానిని చదువవచ్చును, సరిదిద్దవచ్చును, పొరుగువారికి పంచి యీయవచ్చును. ఊరుమ్మడి చెఱువు వంటిదని చెప్పినచో మన వారికి సులభముగ బోధపడును. నీరు అందఱిది, పూడిక తీయుటకు మాత్రము చేతులు కావలయును.

అట్టి సాఫ్టువేరులలో లిబ్రెఆఫీస్ ప్రసిద్ధమైనది. దీని పూర్వచరిత్ర మన ప్రశ్నకు సగము జవాబు చెప్పుచున్నది. జర్మనీ దేశమున స్టార్ డివిజన్ అను కంపెనీవారు స్టార్ ఆఫీస్ అను సాఫ్టువేరును తయారుచేసిరి. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు ఆ కంపెనీని కొని, 2000లో సోర్సు కోడును బహిరంగపఱచిరి. దాని నుండి ఓపెన్ ఆఫీస్ పుట్టెను. 2010లో సన్ కంపెనీ ఒరాకిల్ వారి వశమైన పిదప, అదే సంవత్సరము సెప్టెంబరు 28న పనివారిలో ననేకులు డాక్యుమెంట్ ఫౌండేషన్ అను సంస్థగా ఏర్పడి, ఆ కోడునే లిబ్రెఆఫీస్ అను పేర నడుపసాగిరి. నేడు దానియందు ఆరు భాగములు గలవు: వ్రాతకు రైటర్, పట్టికలకు కాల్క్, ప్రదర్శనలకు ఇంప్రెస్, బొమ్మలకు డ్రా, వివరముల భాండారమునకు బేస్, గణిత సూత్రములకు మ్యాథ్.

ఇక గమనింపదగినదేమనగా, ఆ పాత స్టార్ ఆఫీస్ 5.2లో ఈ-మెయిలు, బ్రౌజరు, దినచర్య పట్టిక యన్నియు ఒకే కప్పు క్రింద నుండెను. దానిని తెఱచినంతనే ఆ సాఫ్టువేరే తెర నంతయు ఆక్రమించుకొనెడిది. 2002లో ఓపెన్ ఆఫీస్ మొదటి ప్రతి వెలువడునప్పటికి ఆ మెయిలును, బ్రౌజరును తొలగింపబడెను. అనగా మూటను పెద్దది చేయుట క్రొత్త యాలోచన కాదు. ఒకసారి కట్టి, పిదప విప్పిన మూటయే.

అయినను అడుగువారి మాటలో న్యాయము లేదనరాదు. గ్రామములలో ఇంటర్నెట్టు ఒకపూట నుండును, ఒకపూట నుండదు. నాలుగు చోట్ల నుండి నాలుగు సాఫ్టువేరులు తెచ్చుకొనుట సంఘ కార్యదర్శికి ప్రయాసము. ఏది మంచిదో, ఏది మోసమో తెలియని క్రొత్తవాడు దారి తప్పవచ్చును. వెల బెట్టి కొను సాఫ్టువేరులో మెయిలు కూడ కలిసి వచ్చుచుండగా, ఉచితమైన దానిలో అది లేకున్న, ఇది కొఱత గలదని కొందఱు విడిచి పోవచ్చును. ఈ నాలుగు మాటలును త్రోసివేయదగినవి కావు.

కాని రెండవ ప్రక్క కూడ చూడవలయును. మెయిలును, బ్రౌజరును బయటి ప్రపంచమునకు వాకిళ్ళు. దొంగ యుత్తరములు, విషపు లింకులు వచ్చునది ఆ త్రోవనే. కావున వానిని చేయువారు లోపము కనబడినంతనే సవరించి, ఇంచుమించు నాలుగు వారముల కొకసారి క్రొత్త ప్రతిని విడుదల చేయుదురు. లిబ్రెఆఫీస్ నడక వేఱు. దాని ముఖ్యమైన ప్రతులు ఏటికి రెండు మాత్రమే. నడుమ చిన్న సవరణలు వచ్చుచుండును. ఈ రెంటిని ఒకే మూటలో కట్టిన, మూట వచ్చువఱకు మెయిలు పాతబడి కూర్చుండును. లేదా మెయిలు కొఱకు మూట నంతయు మాటిమాటికి మార్చవలసి వచ్చును. తలుపు గడియ విఱిగినప్పుడు, ఇంటి కప్పు మరమ్మతు వచ్చువఱకు ఆగుదుమనువాడు వివేకి కాడు గదా.

రెండవ యాక్షేపణ చేతుల కొఱత. ఉచితముగ వచ్చు వస్తువునకు వెల లేదు గాని, శ్రమ లేక పోలేదు. ఒక్కొక్క క్రొత్త భాగమునకు దానిని కనిపెట్టి యుండు మనుష్యులు కావలయును. మొజిల్లా వారి యనుభవము చూడుడు. వారియొద్ద బ్రౌజరు, మెయిలు, పుటల కూర్పు అన్నియు ఒకే సూట్‌గా నుండెను. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్సును, డిసెంబరులో థండర్‌బర్డును వేఱు వేఱుగా వెలువరించిరి. తేలికయైన ఫైర్‌ఫాక్సు దేశదేశముల వ్యాపించెను. పాత మూటయే కావలయునన్న వారు దానిని సీమంకీ యను పేర తామే కాపాడుకొనుచున్నారు. ఎవరి యిష్టమునకును లోపము కలుగలేదు.

మన పొలమే దీనికి మంచి దృష్టాంతము. రాయలసీమలో వేరుశనగ ఏడు సాళ్ళకు కంది యొక సాలు వేయుట మేలైన పద్ధతి. ఏలయనగా కంది వేరు లోతునకు దిగును. వేరుశనగ ముందుగా చేతికి వచ్చి చోటు విడిచిన పిదప కంది విస్తరించును. ఒకదాని నీటిని మఱొకటి దోచుకొనదు. అట్లుగాక, కనబడిన గింజ నెల్ల ఒకే సాలులో చల్లిన, అది మిశ్రమ సేద్యము గాదు, కలుపు. సాఫ్టువేరు మూటయు నట్టిదే. రైటరు, కాల్క్ మొదలగునవి ఒకే కోడు వేరును పంచుకొనుచు, 2006లో అంతర్జాతీయ ప్రమాణముగ అంగీకరింపబడిన ఓపెన్ డాక్యుమెంట్ పద్ధతిలో పత్రములను దాచును. పట్టికను ఉత్తరములో నతికింప వచ్చును. మెయిలునకు అట్టి వేరు సంబంధము లేదు. పైగా అది మూటలో లేకున్నను పని ఆగదు. లిబ్రెఆఫీస్ నుండియే పత్రమును పంపుమని చెప్పిన, యంత్రములో నున్న మెయిలు తనంత తెఱచుకొనును.

"మన సంఘములే బహుళార్థకములు గావలెనని చెప్పుచు, సాఫ్టువేరును మాత్రము చిన్నదిగ నుంచుమనుట యెట్లు?" అని సభ్యులు అడుగవచ్చును. సరియైన ప్రశ్నయే. 1904 నాటి చట్టము పరపతి సంఘములకు మాత్రమే దారి చూపెను. 1912 చట్టము ఇతర ప్రయోజనములకును తలుపు తెఱచెను. 2023లో వెలువడిన నమూనా ఉపనిబంధనలు ప్రాథమిక సంఘములకు ఇరువదియైదునకు పైబడిన వ్యాపారములను అనుమతించినవి. కాని అనుమతి యున్నదని ఏ సంఘమును ఒక్కనాడే అన్నిటిని తెఱువదు. గిడ్డంగికి కాపరి, ఎరువుల కొట్టునకు గుమాస్తా, పెట్టుబడి, ఆడిటు కుదిరిన పిమ్మటనే మొదలుపెట్టును. 1844లో రోచ్‌డేల్ నేతగాండ్రు తమ సహకార దుకాణమును పిండి, పంచదార, వెన్న వంటి కొలది సరుకులతోనే తెఱచిరి. బలము చేకూరిన కొలది సరుకులు పెంచిరి. కావున లెక్కింపవలసినది ఎన్ని పనులని కాదు, ఒక్కొక్క పనికి కాపరి యున్నాడా యని.

అట్లయిన క్రొత్తవాని ప్రయాసము తీరుట యెట్లు? దానికి రెండు మార్గములు ఇప్పటికే కలవు. మొదటిది ఎక్స్‌టెన్షన్లు, అనగా కావలసినవాడు తగిలించుకొను చిన్న చేర్పులు. ఒకే కాడికి నేడు నాగలి, రేపు గుంటక కట్టినట్లు. రెండవది డెబియన్, ఉబుంటు వంటి సంకలనములు. వానియందు ఆఫీసు, బ్రౌజరు, మెయిలు అన్నియు ఒకేచోట దొరకును. అయినను ఒక్కొక్కటి వేఱుగా సవరింపబడుచుండును. మూట కట్టవలసినది బజారు నడుపువాడు గాని, నాగలి చేయు వడ్రంగి కాడని మా యభిప్రాయము.

ఆఫీసు మూటలోనే చేర్పదగినవి లేకపోలేదు. భాషకు సంబంధించినవి అట్టివి. తెలుగు అక్షరదోషములను చూపు నిఘంటువు లిబ్రెఆఫీసునకు కలదు. నోటీసులు, తీర్మానములు, రసీదుల నమూనాలు తెలుగులో చక్కగా కూర్చి చేర్చిన, పది క్రొత్త అప్లికేషన్ల కంటె మన కార్యదర్శులకు అదియే యెక్కువ ఉపకారము.

ఇక సంఘములవారు చేయవలసిన పనులు కొన్ని గలవు. సాఫ్టువేరును దాని సొంత సైటు నుండియే తెచ్చుకొనవలయును. ఇతర చోట్ల అక్కఱలేని సరుకు తోడుగ అంటుకొని రావచ్చును. అప్పుల పద్దులను ఆఫీసు పట్టికలలోనికి మార్చక, వానికై యేర్పడిన సాఫ్టువేరునందే నుంచవలయును. ఇంటర్నెట్టు చాలని గ్రామములకై జిల్లా బ్యాంకులు మంచి సాఫ్టువేరులను పెన్‌డ్రైవులలో నింపి, వానిని ఎప్పటికప్పుడు మార్చుచు పంపిన, ఒక్క మూట కావలయునన్న కోరికయు తీరును. ఆ మూటకు మన చేతిలోనే కాపరి యుండును. దీనిని రానున్న పాలకవర్గ సమావేశములలో చర్చింప గోరుచున్నాము.